కొత్త లిఫ్టుకు బంతిపూల దండ

మా మిర్యాలగూడ అపార్ట్‌మెంటులో నిరుడు పాత గ్రిల్ లిఫ్టు తీసేసి, తలుపులు వాటంతటవే మూసుకునే కొత్తది పెట్టించారు. రెండు నెలలు మెట్లెక్కి మోకాళ్లు అరిగిన మా అత్తమ్మే తొలి ప్రయాణికురాలు. లిఫ్టు ద్వారానికి బంతిపూల దండలు నేనే వేలాడదీశాను. ఆమె లోపలికెక్కింది. తలుపులు సగం మూసుకుని మళ్లీ తెరుచుకున్నాయి. దిష్టేమోనని కొబ్బరికాయ కొట్టి, ఇంకో దండ కట్టాను. మళ్లీ అంతే!

"గిట్లనేనా కొత్త లిఫ్టు పెట్టేది?" అని అందరి ముందూ మెకానిక్ మీద ఎగిరిపడ్డాను. ఆయన దండలన్నీ విప్పి నా చేతిలో పెట్టాడు.

"నడుమ ఏది అడ్డమొచ్చినా తలుపులు మూసుకోవమ్మా, పూలైనా సరే."

అత్తమ్మ సాఫీగా పైకి పోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇప్పటికీ నేను బంతిపూలు కొంటే చాలు, అత్తమ్మ అడుగుతది: "ఇంటికా బిడ్డా, లిఫ్టుకా?"