మందు డబ్బాల బొమ్మలు

పురుగుమందుల కొట్టు దాటినప్పుడల్లా ఆ ఘాటుకి ప్రత్తిపాడులోని మా కౌలుచేను గుర్తొస్తుంది. తోటిపిల్లలు స్టాంపులు దాచుకుంటే, నేను నాన్న తెచ్చే పత్తిమందు డబ్బాల మీది బొమ్మకాగితాలు నానబెట్టి ఒలిచి, నోటుబుక్కులో అంటించుకునేదాన్ని. తెల్లదోమ పడిన ఏడాది వారానికో డబ్బా వచ్చేది. నాకు పండగే.

"ఈ బొమ్మ నా దగ్గరుంది నాన్నా, ఈసారి వేరే మందు తే."

నాన్న నవ్వలేదు. "ఇది పనిచెయ్యకపోతే వేరేది తేక తప్పుద్దా అమ్మా!"

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో, ఈ మందైనా పనిచెయ్యాలని నాన్న మోకాళ్లూని ప్రభువుని వేడుకున్నాడు. పక్కనే కళ్లు మూసుకుని, పనిచెయ్యకూడదని నేను వేడుకున్నాను. ఇద్దరం కలిసే ఆమెన్ అన్నాం.

పత్తితీతల నాటికి నా నోటుబుక్కు నిండింది. చేలో తియ్యడానికి పత్తి లేదు.

ప్రభువు ఎవరి మాట విన్నాడో, నాన్న పోయేదాకా ఆయనకి చెప్పలేకపోయాను.