మెట్టు దిగిన మధ్యాహ్నం

పక్కింటివాళ్ళు అద్దెకు తెచ్చిన ఆర్‌వీ, అదే పడకా వంటిల్లూ ఉన్న ఇంటిబండి, పొద్దున్నుంచీ మా వీధిలో ఎండకి నిలబడి ఉంది. నేను చెత్త డబ్బా బయట పెట్టడానికి వెళ్ళేసరికి దాని తలుపు తెరిచారు. కాగిపోయిన రెక్సిన్ వాసన, గ్యాస్ పొయ్యి వాసన, ఎప్పుడో ఒలికిన కాఫీ వాసన కలిసి మొహానికి కొట్టాయి. నేను గోడ పట్టుకుని నిలబడిపోతే పాపం మంచినీళ్ళిచ్చారు. మా ఎడారి ఊరు చాండ్లర్‌లో జూన్ ఎండకి ఎవరికైనా తల తిరుగుతుంది. కానీ నాకు వడదెబ్బేమీ తగల్లేదు. రామ్మోహన్‌గారు గుర్తొచ్చారు, అంతే.

అమెరికాలో నా మొదటి మేనేజరు ఆయన. మా నాన్నకు నరసరావుపేటలో బట్టల కొట్టు. నేను నడక నేర్చింది తానుల మధ్య, మాటలు నేర్చింది బేరాల మధ్య. కావాలనుకున్నదాన్ని అక్కర్లేనట్టు చూడటం మా ఇంట్లో అక్షరాభ్యాసం కన్నా ముందే అయిపోతుంది. ఆ తెలివితోనే, ఉద్యోగంలో చేరిన ఏడాదికి ఒక మంచి ప్రాజెక్టు మీద మనసుపడి, ఆయన గదికి వెళ్ళి దాని గురించి తప్ప మిగతావన్నీ మాట్లాడాను. ఆయన ఓపిగ్గా విని, "ఏమయ్యా, ఆ ప్రాజెక్టు కావాలా నీకు?" అన్నారు. "అబ్బే, ఊరికే సార్..." అని నసిగాను. "కావాలంటే కావాలను. ఇది మీ నాన్న కొట్టు కాదు. ఇక్కడ అడగనివాడికి అక్కర్లేదనుకుంటారు." అడిగాను, ఇచ్చారు. ఈ దేశంలో నేను నిలదొక్కుకున్నది ఆ ఒక్క మాట మీదే. అయినా లోపల మాత్రం ఆయన్ని అమాయకుడి కిందే జమకట్టాను. ఈయన్ని మా బజార్లో వదిలితే ఒంటి మీద చొక్కా కూడా మిగలదని మా ఆవిడతో చెప్పి నవ్వేవాణ్ణి.

భార్య శారదగారు పోయాక ఆయన రిటైరై, ఒక పాత ఆర్‌వీ కొనుక్కుని ఎడారి ఊళ్ళు పట్టుకు తిరిగారు. పాత రేడియోలు బాగుచెయ్యడం ఒక్కటే ఆయనకి మిగిలిన పిచ్చి. ఒకరోజు ఫోన్ చేశారు. "నెవాడా వైపు ఒక ఊరుందయ్యా. గని మూతపడ్డాక మిగిలింది రెండు వీధులే. అక్కడ రేడియో రిపేరు షాపు అమ్ముతున్నారు, వెనక రెండు గదులున్నాయి. మిగతా రోజులు అక్కడే గడిపేద్దామని ఉంది. నువ్వొచ్చి బేరం చెయ్యి, నాకు చేతకాదు." గురువే శిష్యుడి దగ్గరికి వచ్చినందుకు నేనెంత పొంగిపోయానో చెప్పలేను. ఆయన ఆర్‌వీలో కూర్చుని దారంతా పాఠం చెప్పాను. "మీరు మాత్రం నోరు విప్పకండి సార్. కావాలని మీ మొహంలోనే రాసుంది." "అలాగే గురువుగారూ," అని నవ్వారు.

షాపు యజమాని డోలరెస్ డెబ్బై దాటిన మనిషి. ఆమె భర్త పోయేదాకా కూర్చుని పనిచేసిన బల్ల గది మధ్యలో ఉంది, అంచులు చేతులు తగిలి నున్నబడిపోయాయి. మాకు చూపించే ముందు దాన్ని గుడ్డతో తుడిచింది. రామ్మోహన్‌గారు దాని మీద చెయ్యి వేసి మళ్ళీ తియ్యలేదు. నేను నా విద్య మొదలుపెట్టాను. ముందు సరుక్కి వంక పెట్టాలి కదా. కప్పుకి పెట్టాను, నేలకి పెట్టాను, కరెంటు తీగలకి పెట్టాను. చివరికి బల్ల దగ్గరికొచ్చి, "ఈ చెత్త ఊడబీకి పారెయ్యడానికే మనుషుల్ని పెట్టుకోవాలి" అన్నాను. ఆమె గుడ్డ మడిచి పక్కన పెట్టేసింది. ధర దిగుతోంది కాబోలనుకున్నాను. రామ్మోహన్‌గారు నా వైపు చూశారు, కానీ మాటిచ్చారు కనక నోరు విప్పలేదు. ఆమె అడిగినదాంట్లో సగం చెప్పి, ఆమె తల అడ్డంగా ఊపగానే, "అయితే వస్తామండీ" అని ఆయన్ని లాక్కుని మెట్టు దిగాను. మా బజార్లో రెండో మెట్టు మీద కాలు పడేలోపు "ఇదిగో, ఇట్రండి" అని వెనక నుంచి పిలుపొస్తుంది.

పిలుపు రాలేదు. "మన ఫోన్ నంబరు ఆమె దగ్గరుందిగా సార్, ఊరు చూస్తూ ఉందాం," అన్నాను. "పిలుస్తుందంటావా?" "పిలవక ఏం చేస్తుంది? ఈ ఎడారిలో ఇంకెవడొస్తాడు?" మూతపడ్డ బడి, అందులో ఒంటరి ఉయ్యాల చూశాం. డబ్బులు డబ్బాలో వేసి కాఫీ మనమే పోసుకునే పెట్రోలు బంకు చూశాం. నేను చూసింది ఎక్కువగా ఫోనే. ఆయన మాత్రం అప్పుడే ఆ ఊరివాడైపోయారు. పోస్టాఫీసులో అద్దెకిచ్చే ఉత్తరాల పెట్టె ఖాళీ ఉందా అని అడిగారు. షాపు మలుపు నుంచి అక్కడికి అడుగులు లెక్కపెట్టి, "నూట ఎనభయ్యే. నా మోకాళ్ళకి పర్లేదు" అన్నారు.

నాలుగింటికి ఇక ఆగలేక వెనక్కి నడిచారు. "ఇప్పుడు వెళ్తే లోకువైపోతాం సార్!" "అవనీవయ్యా." డోలరెస్ తాళం వేస్తోంది. మీరడిగినంతా ఇస్తాను, నేనొచ్చిందే ఆ బల్ల కోసం అని ఆయన ఆమెతో చెప్పారు. ఆమె తాళంచెవి చేత్తో పట్టుకుని ఆయన వైపు తిరిగింది. "అప్పుడే ఆ మాట అనలేదేం? ఎవరైనా దాని ముందు కూర్చుంటారనే ఇన్నాళ్ళు ఆగాను. మీకు వద్దనుకుని, ఇందాక పక్క ఊరివాళ్ళకి మాటిచ్చేశాను. గోదాముకి కావాలట. బల్ల చెత్తేనన్నారుగా, తీసి పారెయ్యమన్నాను."

తిరుగు దారిలో ఆయనే బండి నడిపారు. "తిట్టండి సార్, ఒక్క మాటైనా," అన్నాను. "నిన్నెందుకయ్యా? నోరు నాది. నీకు అద్దెకిచ్చిందీ నేనే."

తర్వాత ఆర్‌వీ అమ్మేసి దేశానికి ఆ చివర కమ్మింగ్ అనే ఊళ్ళో కూతురింటికి వెళ్ళిపోయారు. మేడ మీద కార్పెట్ పరిచిన గది ఇచ్చారు, అక్కడ రేడియోలకి టంకం పెట్టే పొగ కుదరదు. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాణ్ణి. ముందు నోరు విప్పినవాడు నష్టపోతాడని మా బేరాల్లో ఒక సూత్రముంది. క్షమాపణకి కూడా దాన్నే పాటించాను. ఆ ఊరి మాట ఆయనే ఎత్తితే అందుకుందామని నెలల తరబడి కాచుకున్నాను. ఆయన వాతావరణం గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడేవారు. ఒక ఆదివారం ఆ నంబరు నుంచి ఆయన కూతురు మాట్లాడింది. "అంకుల్, డాడీ నిన్న నిద్రలోనే పోయారు... మీ గురించి ఆల్వేస్ చెప్పేవారు. బెస్ట్ నెగోషియేటర్ అని." అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఆమెని అడిగి ఏం లాభం?

నేను చెప్పాల్సిన మాట చాలా చిన్నది. ఇప్పుడు బేరం లేకుండా చెప్పేస్తాను. వినాల్సిన మనిషే లేరు.