కుక్కకి ఇంకో సీను

మామిడి టెంక ఇచ్చింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. అమ్మ ఊరి నుంచి బస్సులో వేసి పంపిన చిన్నరసాలు తింటూ, కృష్ణానగర్ గదిలో కూర్చుని సీన్లు రాసుకుంటున్నాను. మధ్యాహ్నంలోగా ఫిల్మ్ నగర్ ఆఫీసులో ఇవ్వాలి. కుక్క పక్కన చేరి మోకాలు గీకుతోంది. కాసేపు నా మానాన నన్ను వదిలేస్తుందని, చీకిన టెంక దాని ముందు పడేశాను. నాకుతూ కూర్చుంటుందనుకుంటే మింగేసింది. నేను చూడను కూడా లేదు. సీను బాగా వస్తోంది మరి.

తర్వాత రెండు రోజులు వాంతులు. ఎండదెబ్బేమోనని మజ్జిగ పట్టాను. మూడో రోజు పొద్దున అది లేవలేదు. స్కూటీ మీద కూర్చోలేదని ఆటోలో వేసుకుని జూబ్లీహిల్స్‌లోని జంతువుల ఆస్పత్రికి పరుగెత్తాను. స్కానింగ్ చేసిన డాక్టరమ్మ గ్లవ్స్ తీస్తూ చెప్పింది.

"టెంక పేగులో ఇరుక్కుందండీ. సాయంత్రం లోపు ఆపరేషన్ చెయ్యాలి. ఆలస్యమైతే పేగు కుళ్ళిపోతుంది. అప్పుడు మేం కూడా ఏం చెయ్యలేం."

మొత్తం అరవై వేలు. సగం ముందు కడితేనే లోపలికి తీసుకెళ్తారు. ఆవిడ చెడ్డది కాదు, రూలు తనది కాదని రెండుసార్లు చెప్పింది. సెలైన్ పెట్టి, ఎస్టిమేట్ కాగితం నా చేతికిచ్చి వెళ్ళింది. కౌంటర్ దగ్గర అద్దాల పెట్టెలో కుక్కల పుట్టినరోజు కేకులు అమ్ముతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కేకుల మీద కాదు, నా మీద నాకే.

నాది పెద్ద జాతి కుక్కేం కాదు. వర్షంలో తడుస్తూ మా మెట్ల కింద చేరిన గోధుమరంగు ఊరకుక్క. ముందు ఎడమ కాలికి మాత్రం మేజోడు తొడిగినట్టు తెలుపు. దానికి ఇంట్లో ఓ పేరుంది, సినిమాలో ఓ పేరుంది. సినిమా ఎందుకంటే, నేను అసిస్టెంట్ రైటర్‌గా పనిచేస్తున్న సినిమా డైరెక్టరు ఓరోజు దాన్ని ఆఫీసు గుమ్మంలో చూసి, హీరో ఇంటి ముందు పడుకోబెట్టి రెండు సీన్లు తీశాడు. నాకంటే ముందు అదే తెరకెక్కుతోందని ఆఫీసులో అందరూ ఆటపట్టించారు.

ఫోన్లు మొదలుపెట్టాను. బ్యాంకులో నాలుగు వేలున్నాయి. గొలుసు అప్పటికే తాకట్టులో ఉంది. స్కూటీ కొంటానన్న మనిషి ఆదివారం వస్తానన్నాడు. తోటి రైటర్లందరిదీ నా బతుకే. కాస్త ఉన్న ఒకాయన మాత్రం నవ్వాడు. "ఊరకుక్కకి అరవై వేలా? వీధిలోకి వెళ్తే ఇంకోటి దొరకదేంటి?" అన్నాడు. అమ్మకి చేశాను. "పిల్లలకైతే పాస్టరు గారితో ప్రార్థన చేయిస్తాను గానీ, కుక్కకంటే నవ్వుతారే," అని, మళ్ళీ తనే, "నేనే చేస్తాలే, ఏడవకు," అంది. అప్పటిదాకా ఏడవని దాన్ని, అప్పుడు ఏడ్చాను.

చివరికి సిగ్గు విడిచి ప్రొడక్షన్ మేనేజర్‌కి చేశాను.

"దానికి ఇంకా ఎన్ని సీన్లున్నాయమ్మా?" అన్నాడాయన.

"ఏం లేవండీ. రెండూ అయిపోయాయి."

"మరింకేంటి? సీను మిగిలుంటే, కుక్క మారితే కంటిన్యుటీ పోతుందని ప్రొడ్యూసరు గారిని అడిగేవాణ్ణి. ఇప్పుడేమని అడగను?"

ఫోన్ పెట్టేసి ఎస్టిమేట్ కాగితం వెనక్కి తిప్పాను. సీను లేకపోతే రాస్తాను. నాకొచ్చిన విద్య అదొక్కటే. క్లైమాక్స్ ముందు హీరో అలిగి ఇల్లు వదిలి వెళ్ళిపోతాడు. అక్కడ ఎవరూ ఆపరు. నేను ఆపించాను. హీరో చెప్పులేసుకోబోతే కుక్క వచ్చి ఒక చెప్పు మీద కాలు వేసి పడుకుంటుంది. మొరగదు, తోకాడించదు, కాలు తియ్యదు. అతను రెండో చెప్పుతోనే నాలుగడుగులు వేసి వెనక్కి వస్తాడు. డైలాగ్ ఒక్కటి కూడా లేదు. ఇందులో నేను కల్పించిందేం లేదు. నేను బయటికి బయల్దేరినప్పుడల్లా నా కుక్క చేసే పనే అది. తలుపు అవతల సెలైన్ ఎక్కుతున్న దాని తెల్లకాలు కనిపిస్తూనే ఉంది. దాన్నే చూస్తూ రాశాను. అలా నా జన్మలో రాయలేదు.

ఫోటో తీసి డైరెక్టరుకి పంపాను. పావుగంటలో వాయిస్ మెసేజ్ వచ్చింది. "అదిరిపోయింది! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు ఇది? తీస్తున్నాం." వెనకే మేనేజర్ ఫోన్, వెంటనే ఆఫీసుకి రమ్మని. డబ్బు తెస్తున్నాను, అంతా సిద్ధం చేసుకోండి అని డాక్టరమ్మకి చెప్పి ఆటో ఎక్కాను. దారిపొడవునా దేవుడికి దండాలే.

ఆఫీసు వరండాలో ఒక నడివయసు మనిషి బెంచీ మీద కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర గోధుమరంగు కుక్క. ఆయన దాని ముందు ఎడమ కాలికి తెల్లరంగు పూస్తున్నాడు.

నాకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అయినా మేనేజర్ విడమరిచి చెప్పాడు. "సీను ఎల్లుండే తీసేద్దామన్నారమ్మా. ఫెయిర్ కాపీ రాసిస్తావనే నిన్ను రమ్మన్నాను. కుట్లు మానేదాకా ఆగలేం కదా. వీరు టోలిచౌకి నుంచి వచ్చారు, షూటింగులకి కుక్కల్ని సప్లై చేస్తారు." ఇలా అంటూనే ఆ కుక్కని తెచ్చినాయన చేతిలో ఒక కవరు పెట్టాడు. అడ్వాన్స్ ముప్పై వేలు.

"ఆ సీను నాదండీ. నా కుక్కది," అన్నాను. అరిచాననుకుంటా, పక్కగదిలో వాళ్ళు తొంగిచూశారు. "సీనుకైనా డబ్బులివ్వండి."

"నువ్వు నెల జీతం మీదున్నావు కదమ్మా," అన్నాడు మేనేజర్, నెమ్మదిగానే.

మెట్లు దిగాను. రాసిన ఆ గంటసేపూ దాని పక్కన కూర్చున్నా బాగుండేది. మొదటిసారి సీను కోసం టెంక పడేశాను, రెండోసారి సీను రాసి దాని చోటు ఇంకోదానికిచ్చాను. ఏ మనిషీ ఇంతకంటే తెలివితక్కువగా ఉండలేరు.

"మేడమ్, జర ఆగుండ్రి." వెనక ఆ కుక్కలాయన. "ఏమైంది మీ కుక్కకు?"

చెప్పాను. ఆయన వంగి తన కుక్క తల నిమిరాడు. "నేను గూడ ఒకదాన్ని గట్లనే పోగొట్టుకున్న. పైసల్లేక," అని కవరు నా చేతిలో పెట్టాడు. "తీస్కపోండ్రి. ఈ పని మీ దానిదే."

"ఎప్పుడు తీర్చమంటారన్నా?"

"పైసలొద్దు. ఇంకో సీను రాయుండ్రి మా దానికోసం. ఇప్పుడంత కంప్యూటర్లనే చేస్తున్రు, కుక్కలకు పనే లేదు. ఇల్లు గడుస్తలేదు మేడమ్."

థాంక్స్ చెప్పానో లేదో కూడా గుర్తులేదు. ఆటో కోసం పరుగెత్తాను.

నా కుక్క బతికింది. టెంకని స్టీలు పళ్ళెంలో పెట్టి చూపించారు. మిగతా సగం స్కూటీ అమ్మి కట్టాను. రెండు రోజుల తర్వాత షూటింగులో ఆయన కుక్క చెప్పు మీద కాలు వెయ్యలేదు. పదిహేను టేకులు తీశారు. ఎలాగోలా అయిందనిపించారు గానీ, ఎడిటింగులో నిడివి ఎక్కువైందని మొత్తం సీనే లేపేశారు.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి కథలోనూ కుక్కకి ఓ సీను రాశాను. ఒకరు బడ్జెట్ అన్నారు, ఒకరు పర్మిషన్ల తలనొప్పి అన్నారు, ఒకరు హీరోగారికి కుక్కలంటే పడదన్నారు. ఒక్కటీ నిలవలేదు. ఆయన మాత్రం నెలకోసారి ఫోన్ చేసేవాడు. "ఏమన్న రాసిన్రా మేడమ్?" "రాస్తున్నానన్నా." పైసలొద్దన్నాడు కదా అని నేనూ ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నాకది సుఖంగానే ఉండేది.

మొన్న మళ్ళీ చేశాడు. నేను మామూలు పాట మొదలుపెట్టబోయాను.

"ఫికర్ చేయకుండ్రి మేడమ్. ఇగ సీను వద్దు. అది పోయింది."

"అయ్యో, ఏమైందన్నా?"

"కడుపుల గడ్డ అన్నరు. కోయనీకి డెబ్బై వేలు అడిగిన్రు. ఇంటికి తోల్కొచ్చిన. పదిరోజులు ఉన్నది."

"నాకొక్క ఫోన్ చెయ్యకపోయారా?"

"మీరు నాకు సీను బాకీ గదా మేడమ్," అన్నాడు, తప్పు తనదే అయినట్టు. "పైసలు కాదు గదా."

ఆయనే ఉంటా అని పెట్టేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే టోలిచౌకి వెళ్ళాలనిపించి, లేచి గుమ్మం దగ్గరికి నడిచాను. కుక్క నాకంటే ముందే వెళ్ళి నా చెప్పు మీద కాలు వేసి పడుకుంది.