హనుమంతప్ప అయ్యవారి బడిలో తలల లెక్క

హిందూపురం బెల్లం మండీలో నాలాగా మూట ఎత్తేవాడు లేడు. మూడో తరగతి మాత్రం నన్ను మోయలేక మధ్యలోనే దింపేసింది. తప్పు దానిదే, చెప్పిన అయ్యవారిది కాదు. హనుమంతప్ప అయ్యవారు ఎక్కాలు చెప్పిస్తే మడకశిర బస్సులో జనం వంత పాడేవారు. నమ్మనివాళ్ళు మడకశిర పోయి అడగవచ్చు.

రైలు పట్టాలకు అవతల రేకుల కొట్టంలో ఆయన బడి సర్కారు గ్రాంటుతో నడిచేది. ఇవతల పెద్ద బడిలో షావుకార్ల పిల్లలు బెంచీల మీద కూర్చుంటే, అవతల గొర్రెలోళ్ళ పిల్లలు నేల మీద కూర్చునేవారు. ఎరువు కోసం చేలల్లో మంద కట్టే కాలం వస్తే వాళ్ళు అమ్మానాన్నల వెంట పోయి, అక్షరాలు మరిచి తిరిగొచ్చేవారు. పరీక్షల్లో ఆ బడి ఎప్పుడూ వెనకే. వెనకబడినదానికే గ్రాంటు కోత.

1957లో తనిఖీ వచ్చిపడింది. ఆ రోజు ముప్పైమంది కనిపించకపోతే గ్రాంటు ఆగుతుంది, బడి మూతపడుతుంది. అయ్యవారు మంద దగ్గరికి బయలుదేరితే నేనూ వెంట పోయాను. అక్కడ అందరూ వినేది గంగక్క మాట.

“గంగక్కా, రేపు ఆఫీసరు పిల్లోళ్ళ తలలు లెక్కపెట్టను వస్తాండాడు. నా బడి మీ చేతుల్లో ఉండాది.”

“మాకు తెలీదా సామీ. నువ్వు దిగులు పడాకు.”

“నన్ను లెక్కపెడితే ముప్పైకి నేనొక్కణ్ణే చాల్తానక్కా” అన్నాను.

“నిన్ను లెక్కపెడితే ఉండేటోళ్ళు గూడా తగ్గుతారు. పో అబ్బా.”

మర్నాడు బడికి వచ్చింది రైలు గేటుమన్ పిల్లలిద్దరే. ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం దాకా చూసి, రాసుకుని, పెనుకొండ రైలెక్కాడు. పొద్దు వాలాక గంగక్క పిల్లలందరినీ గుట్ట దించుకుని నవ్వుతూ వచ్చింది.

“పోయినాడా? ఒక్కరన్నా దొరకలేదు గదా.”

“ఎందుకు దాచినారు గంగక్కా?” అని అడిగారు అయ్యవారు.

“పుల్లరోడు వస్తే గొర్రెల్ని గుట్టెనక్కి తోల్తాం గదా సామీ. ఎన్ని తలలు కనపడితే అంత పన్ను. పిల్లోళ్ళ మీద గూడా ఏస్తాండారేమో, నీకు బరువైతాదని దాచిపెట్టినాం.”

మేతకు పన్ను కట్టీ కట్టీ అలవాటైన మనుషులు. లెక్కపెట్టించుకుంటే మేలు జరుగుతుందని వాళ్ళకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు.

“తప్పు నాది గంగక్కా. నేనే ఇడమర్చి చెప్పలేదు” అన్నారు అయ్యవారు.

తెల్లవారి బండికి అందరం పెనుకొండ పోయాం. ఆ బరువుకు ఇంజను ఎత్తు ఎక్కలేకపోతే నేను దిగి ఒక తోపు తోశాను. తనిఖీ ఆఫీసరు దిగిన బంగళా వరండాలో పిల్లలను వరసగా నిలబెట్టాం. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాడు. ఒక్కొక్కరి చేతా చదివించి విన్నాడు.

“బాగానే చదువుతున్నారు అయ్యవారూ. కానీ నేను రాయవలసింది నిన్న మీ బడిలో ఉన్నవాళ్ళను.”

గంగక్క ముందుకు వచ్చింది. “పిల్లోళ్ళకు పుల్లరి ఎంతో చెప్పు సామీ. గొర్రెల్నమ్మి కడతాం. వీళ్ళను లెక్కలో ఏసుకో.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “అట్లాంటి పన్ను లేదమ్మా” అన్నాడు.

ఎండాకాలానికి బడి మూతపడింది. అయ్యవారికి ధర్మవరంలో, మగ్గాల పేట బడిలో పని దొరికింది. పెద్ద బడివాళ్ళు ఈ పిల్లలను గేటు దగ్గరే ఆపారు. మంద వెంట పోయేవాళ్ళను చేర్చుకుంటే తమ హాజరూ మార్కులూ పడిపోతాయన్నారు.

గంగక్క మందను ధర్మవరం వైపు తోలింది. సాయంత్రం బడి వదిలాక అయ్యవారు చేలకు నడిచి వచ్చి గొర్రెల మధ్య పాఠం చెప్పేవారట. అయితే ఆ చేలల్లో మంద కట్టే వంతు వేరే గొర్రెలోళ్ళది. వాళ్ళు కర్రలతో వచ్చారు.

కదిలేముందు గంగక్క పలకలన్నీ పోగుచేసి ఆయనకు ఇవ్వబోయింది. “నీ కొత్త పిల్లోళ్ళకు పనికొస్తాయి సామీ.”

“వాళ్ళకు ఉండాయి. మీ కాడే ఉండనీ” అన్నారు ఆయన.

ఆమె వాటిని గొంగడిలో చుట్టి, గాడిద మీద వంటగిన్నెల పక్కన కట్టింది. పిల్లలు మందను అదిలిస్తూ తనకల్లు దారి పట్టారు.