కేశవ ఇల్లు లక్ష్మీపతి అమ్మాడు

రాయదుర్గంలో అందరి ఇళ్లూ అమ్మిపెట్టే కేశవకు తన ఇల్లు మాత్రం అమ్ముడుపోలేదు. కొనేవాళ్లు రాక కాదు. వచ్చినవాళ్లతో కొట్లాడి పంపించేశాడు. ఒకాయన హాలు చీకటిగా ఉందన్నాడు. "నీ కండ్లద్దాలు మార్చుకోప్పా" అన్నాడు కేశవ. ఇంకొకాయన మెట్లు ఇరుకన్నాడు. "ఏనుగును పెంచుతాండావా?" అన్నాడు. వేరేవాళ్ల ఇంటికైతే ఎన్ని వంకలు పెట్టినా నవ్వుతూ టీ తాగించే మనిషి!

ఆయన భార్య జ్యోతిలక్ష్మికేమో తొందర. చాలా ఏళ్లుగా వేరేవాళ్ల దగ్గర జీన్స్ ప్యాంట్లు కుడుతోంది. బళ్లారి రోడ్డు మీద ఒక షెడ్డు అమ్మకానికి వచ్చింది. అది చేతికొస్తే సొంతంగా మిషన్లు వేసుకోవచ్చు. షెడ్డు ఓనరు నెలాఖరు దాకే ఆగుతానన్నాడు. ఇల్లు అమ్మితేనే షెడ్డు.

"లక్ష్మీపతికి అప్పజెప్పు," అంది ఒక పొద్దున.

ఆ పేరు వింటేనే కేశవకు కడుపులో మంట. వాడికి ఈ బ్రోకరు పని నేర్పింది తనే. స్థలం కొలవడం, కొనడానికొచ్చిన పార్టీని మాటల్లో పెట్టడం, అన్నీ తనే. ఇప్పుడు బస్టాండు దగ్గర టీ కొట్లో అందరూ వాడి చుట్టూనే మూగుతారు. వాడి బండి కొత్తది. వాడి చొక్కా నలగదు. ఆఖరికి తన ఇంట్లో కూడా వాడి పేరే!

"నా ఇల్లు నేను అమ్ముకోలేనా?"

"చూస్తానే ఉండాను గదా, ఎంత బాగా అమ్ముతాండావో!"

బ్రోకర్లలో ఇది కొత్తేమీ కాదు. సొంత ఇల్లు అమ్మాల్సి వస్తే ఇంకో బ్రోకరు చేతిలో పెడతారు. ఒకటే షరతు. పార్టీ వచ్చినప్పుడు ఇంటి ఓనరు ఆ చుట్టుపక్కల కనపడకూడదు. ఈ షరతు గురించి లక్ష్మీపతికి చెప్పింది కూడా కేశవే.

కణేకల్ నుంచి ఓబులమ్మ ఇల్లు చూడటానికి వచ్చిన రోజు, కేశవ ఆ షరతు ప్రకారం పక్కింటి తిమ్మక్క మిద్దె మీద ఆరేసిన చీరల వెనక నిలబడ్డాడు. లక్ష్మీపతి ఆమెను హాల్లోకి తీసుకుపోలేదు. కేశవ మోజుపడి వేయించిన పూజగది గ్రానైటు చూపించలేదు. నేరుగా ముంగిట్లో నేల కింద ఉన్న నీళ్ల సంపు దగ్గరికి తీసుకుపోయి మూత ఎత్తాడు.

"తొంగి చూడు పెద్దమ్మా. కొళాయి వారం రాకున్నా ఈ సంపు ఎండదు."

ఓబులమ్మ మోకాళ్ల మీద వంగి "ఓ" అని పిలిచింది. లోపల్నుంచి సంపు "ఓ" అంది. ఆమె మొహం వెలిగిపోయింది.

చీరల వెనక కేశవ పళ్లు కొరికాడు. ఇన్నేళ్లూ ఆయన ఏ ఇల్లు చూపించినా సంపు మూత మీద పూలకుండీ పెట్టించేవాడు. అంత పెద్ద సంపు చూస్తే, ఆ వీధికి కొళాయి నీళ్లు సరిగా రావని పార్టీకి తెలిసిపోతుందని భయం. మూత తీసి చూపించొచ్చని తనకెందుకు తట్టలేదు? తను తవ్వించిన సంపు! ఆ మాట వాడి నోట!

ఇక ఆగలేకపోయాడు. దిగొచ్చి గేటు తోశాడు.

"ఏమమ్మా, సంపు చూసి మురిసిపోతాండావు? పడమటి గోడ ఎండకు పెనం మాదిరి కాల్తాది. వానొస్తే వంటిల్లు కారతాది. ఈయప్ప ఇవేమన్నా చెప్పినాడా?"

గడప దగ్గర నిలబడ్డ జ్యోతిలక్ష్మి తల పట్టుకుంది.

ఓబులమ్మ కేశవను కిందనుంచి పైదాకా చూసింది. "ఈయప్పకూ ఈ ఇల్లే కావాల్నేమో. నన్ను బెదరగొట్టి తాను కొట్టేయల్లని చూస్తాండాడు."

"కాదు పెద్దమ్మా," అంది జ్యోతిలక్ష్మి మెల్లగా. "ఆయన నా మొగుడే. ఇల్లు మాదే."

"మరి సొంత ఇంటినే ఇట్ల తిట్తాడేమ్మే?"

"సొంత ఇల్లు అమ్మడం మా బ్రోకర్లకు ఎవరికీ చేతగాదు పెద్దమ్మా," అన్నాడు లక్ష్మీపతి. "అందుకే అన్న నన్ను పెట్టుకున్నాడు."

ఓబులమ్మ పడీపడీ నవ్వింది. తర్వాత వంటింట్లోకి పోయి కారే మూల చూసింది. పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టింది. బయటికొచ్చి మళ్లీ సంపులోకి తొంగి చూసింది.

"ఎన్నో ఇండ్లు చూస్తి. ఏ ఇంటాయనా కారతాదని చెప్పలేదు. అయినా వానొస్తే గదా కారేది, ఈడ వాన యాడుండాది? నీళ్లుండాయి, చాలు." లక్ష్మీపతి భుజం తట్టింది. "బంగారట్లా ఇల్లు చూపిస్తివి నాయనా."

నిజం చెప్పిన కేశవ వైపు ఒక్కరూ చూడలేదు.

షెడ్డు దక్కింది. జ్యోతిలక్ష్మి మిషన్లు దిగాయి. టీ కొట్లో మాత్రం, కేశవన్న ఇంటిని లక్ష్మీపతి ఒక్క చూపులో అమ్మేసినాడంట, అనే మాటే తిరుగుతోంది. కేశవ అది వింటూ, ఖాళీ గ్లాసు తిప్పుతూ కూర్చుంటాడు.

మొన్న ఒక పార్టీకి వేరేవాళ్ల ఇల్లు చూపించడానికి పోయాడు. ముందుగా సంపు మీది పూలకుండీ పక్కకు జరిపాడు. మూత ఎత్తబోయి, లక్ష్మీపతి బండి ఎక్కడైనా కనపడుతుందేమోనని వీధికి రెండు వైపులా చూశాడు.