తూకానికెక్కిన పొట్టేలుపిల్ల

పుల్లలచెరువు దగ్గరి ఒక ఊళ్లో నేను అంగన్‌వాడీ టీచరుగా చేరిన మొదటి ఏడాది అది. గొర్రెలు మేపుకునే ఒక ఇంట్లో పదినెలల పాప ఉండేది. పిల్లల కోసం ఇచ్చే బాలామృతం పొడి నెలనెలా ఇస్తున్నా బరువు పెరగడం లేదు. అడిగితే నాయనమ్మ అచ్చమ్మ, "పెడతానే ఉన్నాం తల్లీ" అనేది. నేనూ చూడకుండానే రిజిస్టరులో 'తింటోంది' అని రాసేసేదాన్ని.

ఒకరోజు సూపర్‌వైజరు మేడం ఆ ఇంటికే వెళ్దామన్నారు. దూలానికి తూకం తగిలించి, ఉయ్యాలగుడ్డలో పాపను కూర్చోబెట్టాను. ముల్లు పోయిన నెల ఉన్నచోటే ఆగింది.

"తింటోందని రాశావే" అన్నారు మేడం.

పాపను దించగానే అచ్చమ్మ ఒక పొట్టేలుపిల్లను తెచ్చి అదే గుడ్డలో పెట్టింది.

"దీన్ని గూడా తూచు టీచరమ్మా. తల్లి చచ్చిపోయిన పిల్ల. నీ పొడి దీనికే పెట్టినాను."

నేను రిజిస్టరు మూసేశాను.

"కొత్త మేత ఏదొచ్చినా ముందు ఒకదానికి పెట్టి చూస్తాం గానీ, మందంతటికీ పెడతామా? ఇది బాగానే ఒళ్లు చేసింది. రేపట్నుంచి పాపకు పెడతాను."

మేడం కాసేపు ముల్లును చూసి, "పొడి మంచిదే" అన్నారు.

అచ్చమ్మ మాట తప్పలేదు. మూడు నెలల్లో పాప తేరుకుంది. ఇప్పుడు ఆ వీధిలో ఏ తల్లి అయినా పొడి వద్దంటే నేను బరువుల చార్టు తెరవను, అచ్చమ్మ ఇంటికి పంపుతాను. వాళ్లు పాప వంక చూడరు. పొట్టేలును చూసి వచ్చి ప్యాకెట్ అడుగుతారు.