చౌకరకం పసిపాప

ఆవిణ్ణి ఆ వీధిలో అందరూ బొమ్మలత్త అంటారు. ముందు పిల్లలు అన్నారు, తర్వాత పెద్దలు అందుకున్నారు, చివరికి కట్టుకున్న మొగుడు కూడా సరదాకి అలాగే పిలవడం మొదలుపెట్టాడు. "ఎవరైనా వింటే ఏమనుకుంటారండీ, పెళ్లాన్ని అత్తా అంటే!" అని ఆవిడ విసుక్కుంటే, "భయం విషయంలో రెండూ ఒకటేలే" అనేవాడు.

బొమ్మలత్త చేసేవి పిల్లలు ఆడుకునే బొమ్మలు కావు. అచ్చం అప్పుడే పుట్టిన పసికందులా ఉండే బొమ్మలు. మెడ నిలవదు, తల కింద చెయ్యి పెట్టి ఎత్తుకోవాలి. మడమల దగ్గర ముడతలు, గోళ్ల చుట్టూ ఎరుపు, కణతల మీద సన్నటి నరాలు. కొనేది పెద్దవాళ్లే. వాళ్లెందుకు కొంటారమ్మా అని ఎవరైనా ఆరా తీస్తే, "చీరలు అమ్మేవాడు ఎందుకు కట్టుకుంటావని అడుగుతాడా? నాకెందుకు అడగడం?" అని నోరు మూయించేది.

ఇలాంటి బొమ్మల్ని గొప్పగా చేసేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు తల మీద ఒక్కొక్క వెంట్రుకనీ సూదితో గుచ్చుతారు, గాజు కళ్లు పెడతారు, ఒంట్లో బరువు కోసం సన్నటి గాజుపూసలు నింపుతారు. వాళ్ల బొమ్మ కొనాలంటే మామూలువాళ్లకి చుక్కలు కనిపిస్తాయి. బొమ్మలత్తవి చౌకరకం. తలలూ చేతులూ కాళ్లూ మెత్తటి ప్లాస్టిక్ లాంటి వినైల్‌వి, అచ్చులో అతుకు గీత పడి పెద్ద దుకాణాలు వద్దన్నవి, మూటగట్టి తెచ్చుకుంటుంది. గీతని సన్నటి గరుకుకాగితంతో అరగదీస్తుంది. జుట్టు కుంచెతోనే గీస్తుంది. బరువుకి ఇసుక, అదీ నాలుగు నీళ్లు పోసి కడిగి, మేడ మీద ఆరబెట్టినది. కళ్లు ఎప్పుడూ మూసే ఉంటాయి. "నిద్రపోయే బిడ్డకి కళ్లెందుకు, లేచి పరీక్షలు రాయాలా?" అనేది.

అంతకుముందు ఆవిడ బట్టల దుకాణాల్లో నిలబెట్టే నిలువెత్తు బొమ్మలకి ముఖాలు వేసేది. ఆ కార్ఖానా మూతపడింది. కూటి కోసం కోటి విద్యలన్నారు, ఆవిడ చేతిలో ఉన్నది ఒక్కటే విద్య. పెద్ద ముఖాలు పోయి చిన్న ముఖాలు వచ్చాయి, అంతే తేడా. మొగుడు దర్జీ కాబట్టి ఒళ్లు అతనే కుట్టేవాడు, దుకాణంలో మిగిలిన ముక్కలతో. ఒకసారి ఎవరో బొమ్మ బట్టలు విప్పి చూస్తే లోపల చారల లాగూ గుడ్డ కనిపించిందట. "పాపకి మీ ఆయన పాంటు తొడిగారేంటండీ?" అని ఫోను చేసి అడిగారు.

రంగు ఒక్కో పూత వేశాక తలనీ కాళ్లనీ చేతుల్నీ పొయ్యిలో పెట్టి కాల్చాలి, లేకపోతే చేత్తో తుడిస్తే పోతుంది. మూతపడ్డ బేకరీ నుంచి కరెంటు పొయ్యి ఒకటి కొనితెచ్చి వరండాలో పెట్టుకుంది. చుట్టం ఒకావిడ వచ్చి, ఏం వండుతున్నావమ్మాయ్ అంటూ తలుపు తీసి, లోపల మూడు తలలు వరసగా ఉండటం చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ పరిగెత్తింది. ఆవిడ ఇంతవరకూ మళ్లీ గడప తొక్కలేదు. పోనీలే, టీ పొడి మిగిలింది అన్నాడు మొగుడు.

ఇంత చేసినా బొమ్మలత్త ఒక్క బొమ్మకీ పేరు పెట్టలేదు. పెద్దచెవులది, ముడుచుకున్న పిడికిలిది, బుంగమూతిది, ఇలాగే పిలిచేది. కొందరు తయారీదార్లు పేరు పెట్టి, పుట్టినరోజు రాసి, కాగితం కూడా ఇస్తారట. ఆవిడకి అది ఒళ్లుమంట. "పేరు పెడితే అమ్మబుద్ధి పుట్టదు. బొమ్మ బొమ్మే" అనేది. ఆ మాట రోజుకి పదిసార్లైనా ఆవిడ నోట వినబడేది.

ఒక ఏడు వానల్లో మందులషాపామె వచ్చింది. షాపు ఆమెదే, ఇల్లు దాని మీదే. తల్లి ఆమె దగ్గరే ఉంటోంది. ఆ తల్లి తన కాలంలో పేరుమోసిన మంత్రసాని. ఆ చుట్టుపక్కల సగంమంది ఆమె చేతుల్లోకే వచ్చి పడ్డారు. ఇప్పుడు మతి నిలవడం లేదు. కూతుర్ని కూతురని కూడా ఒక్కోరోజు పోల్చుకోదు. పొద్దస్తమానం చేతులు చాపి, బిడ్డనివ్వండి, బిడ్డనివ్వండి అంటుంది. దిండు ఇస్తే, నాతో వేళాకోళమా అని విసిరికొడుతుంది.

"ఇలాంటి బొమ్మ ఇస్తే కుదురుగా ఉంటారని ఎవరో చెప్పారక్కా. ఖరీదైనది నావల్ల కాదు. చౌకలో చేసిపెట్టండి, చాలు" అంది మందులషాపామె.

"చౌకలోనే చేస్తాను. బరువు మాత్రం తగ్గించను" అంది బొమ్మలత్త.

బరువు తగ్గించలేదు, నిజమే. తగ్గించింది ఇంకొకటి. పసిబిడ్డ చర్మం వేయాలంటే ముందు అడుగున పల్చటి నీలం పుయ్యాలి, లోపలి నరాల కోసం. దాని మీద స్పాంజి ముక్కతో ఎరుపు అద్దాలి, కాల్చాలి, మళ్లీ అద్దాలి, మళ్లీ కాల్చాలి. ఎప్పుడూ కిటికీ దగ్గర వెలుగులో కూచుని చేసేది. ఆ వారం ఒకటే ముసురు, కిటికీ మూసే ఉంది. పసుపుపచ్చటి బల్బు కింద కూచుని వేసింది. ఒక్క ఎరుపు పూతకే పాప గులాబీరంగులో కళకళలాడింది. పచ్చటి వెలుగులో నీలం కనబడదని ఈ పనిలో ఉన్నవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసీ, చౌకబొమ్మకి ఇది చాల్లే అనుకుంది. రెండో పూత మానేసి, మొగుడు కుట్టిన ఒంటికి తలా కాళ్లూ చేతులూ బిగించి, తువ్వాల్లో చుట్టి ఇచ్చేసింది.

వాన వెలిశాక మందులషాపామె బొమ్మని సంచిలో పెట్టుకుని తిరిగి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"బిడ్డనిమ్మంటే శవాన్నిచ్చారేంటక్కా?" అంది.

బొమ్మలత్తకి కోపం ముంచుకొచ్చింది. నోరు తెరిచింది కూడా. కానీ ఆమె చెప్పడం మొదలుపెట్టాక మూసుకుంది.

తల్లి గదిలో తెల్లటి ట్యూబులైటు ఉంది. దాని కింద బిడ్డని చూడగానే ముసలావిడ మంచం దిగి నిటారుగా నిలబడిందట. ఎన్నాళ్లుగానో ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప లేవని మనిషి! బిడ్డ కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తింది. వీపు మీద చరిచింది, అరికాళ్లు రుద్దింది, నోట్లో వేలు పెట్టబోతే మూసుకున్న నోరు తెరుచుకోలేదు. వేడినీళ్లు తేవే, నిలబడి చూస్తావేంటి అని కూతుర్ని కసిరింది. చాలాసేపు అలా పెనుగులాడి, చివరికి బిడ్డని మంచం మీద పడుకోబెట్టి, తువ్వాలు ముఖం మీదికి లాగింది.

"అప్పట్నుంచీ ముద్ద ముట్టడం లేదు. నా చేతుల్లో పోయింది, నా చేతుల్లో పోయింది అంటుంది. బలవంతంగా నీళ్లు తాగిస్తుంటే ఉమ్మేస్తోంది. ఇలాగే ఉంటే మనిషి దక్కదు. దీన్ని ఏం చేస్తారో చెయ్యండి" అంది మందులషాపామె.

బొమ్మలత్త సంచి అందుకుని వరండాలోకి వెళ్లి ఎండలో పట్టుకుని చూసింది. పెదాలు నీలం. గోళ్లు నీలం. మూతి చుట్టూ నీలం. ఎంత బాగా చేసిందంటే, తనకే ఒళ్లు జలదరించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అని తనని తాను తిట్టుకుంది, తిట్టుకుంటూనే కుట్లు విప్పింది.

ఆ రోజు ఇంకో బొమ్మ జోలికి పోలేదు. ఎరుపు అద్దింది, కాల్చింది, మళ్లీ అద్దింది. మోకాళ్లకి, మడమలకి, చెవి తమ్మెలకి విడిగా వేసింది. పెదాలకి సన్నకుంచె పట్టి, ఊపిరి బిగబట్టి వేసింది. పూత పూతకీ వరండాలోకి పట్టుకెళ్లి ఎండలో చూసుకుంది. చివరిసారి పొయ్యిలోంచి తీసి ఒంటికి బిగిస్తుంటే మొగుడు వెనకాల నిలబడి చూస్తున్నాడు.

"చల్లారనివ్వకు. అలాగే వేడిగా పట్టుకుపో" అన్నాడు.

"ఏంటండీ, బన్ను అమ్మడానికి వెళ్తున్నానా?"

"బన్ను కాదే. బిడ్డ చల్లగా ఉంటే ఆవిడేమనుకుంటుంది?"

అతని మాటని మెచ్చుకోవడం ఆవిడకి అలవాటు లేదు. ఉన్ని గుడ్డలో రెండు చుట్లు చుట్టి, చంకనెత్తుకుని బయల్దేరింది. దారిలో ఇద్దరు ముగ్గురు, "ఎవరి పాపండీ?" అని పలకరించారు. మామూలుగా అయితే నవ్వేది. ఆ రోజు తల కింద చెయ్యి సర్దుకుని గబగబా నడిచింది.

షాపు పక్క మెట్లెక్కి పైకి వెళ్లేసరికి ముసలావిడ మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. పెదాలు ఎండి పగిలాయి. పక్కన స్టూలు మీద పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది. బొమ్మలత్త బిడ్డని చేతుల్లో పెట్టింది. ముసలావిడ వేళ్లు వాటంతటవే కదిలాయి. నుదురు తాకింది, మడమ నొక్కింది, చెయ్యి తిప్పి గోళ్లు చూసింది.

"వెచ్చగా ఉంది. రంగు బాగుంది" అంది.

గుమ్మంలో నిలబడ్డ కూతురు హమ్మయ్య అనుకునేలోపే, ముసలావిడ తలెత్తింది.

"ఇది ఆ బిడ్డ కాదు."

"అదేనమ్మా, చూడు" అంది కూతురు.

"నాకు చెప్తావా? ఆ బిడ్డేదీ? పోయింది కదూ? పోయిందని చెప్పండి! ఎంతమంది తల్లులకి నేను చెప్పలేదు? ఎవరితోనైనా అబద్ధమాడానా? నాతో ఎందుకు ఆడతారు?" బిడ్డని పక్కన పెట్టేయబోయింది.

కూతురు తట్టుకోలేకపోయింది. "అమ్మా, అది..." అంటూ బొమ్మలత్త వైపు చూసింది. బొమ్మ బొమ్మే. రోజుకి పదిసార్లనే మాట, ఇప్పుడు అంటే అయిపోతుంది. బొమ్మలత్త అనలేదు. మంచం పక్కన కింద కూచుంది.

"కవలలమ్మా" అంది. "మీరు చూసింది మొదటిది. ఇది రెండోది."

"మొదటిది?"

"దక్కలేదు."

ఎవరో ఒకరు ఆ మాట చెబుతారని అన్నాళ్లూ కాచుకున్నట్టు, ముసలావిడ భుజాలు మెల్లగా దిగాయి. తర్వాత కిందికి చూసింది.

"తల్లివి నువ్వేనా?"

బొమ్మలత్తకి ఏభై దాటి చాన్నాళ్లయింది. జుట్టు సగం తెల్లబడింది. కాదని ఎలా అంటుంది? చేసింది తనే.

"నేనే" అంది.

ముసలావిడ వంగి ఆవిడ తల మీద చెయ్యి వేసింది. ఎండిపోయిన చెయ్యే, బరువుగా ఉంది. "నీ తప్పేం లేదు తల్లీ. కొన్ని అంతే. కడుపులోనే అలిసిపోతాయి."

"లేదమ్మా, తప్పు నాదే" అంది బొమ్మలత్త. నిజమే చెప్పింది. పచ్చటి బల్బూ, మానేసిన పూతా, చౌకబొమ్మకి ఇది చాల్లే అనుకోవడమూ, అన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఏడ్చేసింది.

"అందరు తల్లులూ ఇదే అంటారు" అంది ముసలావిడ. "పేరు పెట్టావా దానికి?"

"లేదు."

"పెట్టాలి. బతికినా బతక్కపోయినా వచ్చిన బిడ్డకి పేరుండాలి. నేను ఒక్కదాన్నీ పేరు లేకుండా పంపలేదు. చెప్పు."

బొమ్మలత్త పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. ఎన్ని తలలకి కుంచె పెట్టిందో, ఒక్కదానికీ రాని పేరు ఇప్పుడు అడగ్గానే నోట్లోకి వచ్చింది. లేచి, వినికిడి తగ్గిన ఆ చెవి దగ్గరికి వంగి చెప్పింది. కూతురికి వినబడలేదు. ముసలావిడ పెదాలు కదిపి ఒకసారి అనుకుంది.

"మంచి పేరు" అంది. అని, రెండో బిడ్డని ఎత్తి మోచేతి మడతలో పడుకోబెట్టుకుంది. గుమ్మం వైపు తిరిగి, ఒకప్పుడు ఎన్ని ఇళ్లల్లో ఎంతమందిని అదిలించిందో ఆ గొంతుతోనే కూతుర్ని అదిలించింది. "అలా గుడ్లప్పగించి నిలబడతావేంటే? బాలింత కడుపు మాడ్చుకుని కూచుంటే! ముందు దానికి అన్నం పెట్టు. తర్వాత నాకు."

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. రెండు కంచాలు వచ్చాయి. బొమ్మలత్త ఇంట్లో తినే వచ్చింది, ఆకలి లేదు. అయినా ముసలావిడ తన కంచంలోని ముద్ద చేతిలో పట్టుకుని, ఈవిడ ముద్ద మింగేదాకా చూసి, అప్పుడే తను నోట్లో పెట్టుకుంటోంది. అందుకని పెట్టినదంతా తింది, మారు వడ్డించినా వద్దనలేదు.

రాత్రి ఇంటికొచ్చాక మొగుడు, తిందామా అని పీట వేశాడు. తినొచ్చానండీ అని, జరిగిందంతా చెప్పింది. ఏం పేరు పెట్టావని అడిగితే మాత్రం చెప్పలేదు.